ఫోను పాట, పెట్టె పాట



మా అమలాపురంలో ఏ సెల్ షాపు ముందు నిలబడినా ఈమధ్య ఓ ప్రశ్న చెవిన పడుతోంది. "పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదండీ, మరి పాతిక వేలు పోసి పాటలకని విడిగా ఓ పెట్టె కొంటున్నారు కొందరు. నిజంగా అంత తేడా ఉంటుందంటారా, లేకపోతే డబ్బు ఎక్కువై కొంటున్నారా?" అడిగేది కుర్రాళ్లే. ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ సందేహం రాదు. వాళ్ల దృష్టిలో పాటకి విడిగా పెట్టె ఉండడమే న్యాయం, ఫోన్లో పాట రావడమే వింత.

పెద్దవాళ్ల మాటలో సబబు ఉంది. సోనీ వాళ్లు మొదటి వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది 1979 జులై 1న. అప్పటినుంచి ముప్పై ఏళ్లపాటు, జేబులో పాట అంటే దానికంటూ ఓ యంత్రం ఉండి తీరాల్సిందే. మన కోనసీమకి ఆ యంత్రాలు ఎక్కువగా గల్ఫ్ దారినే వచ్చాయి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపునుంచి కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్లినవాళ్లు సెలవుకి వస్తూ తెచ్చిన టేప్ రికార్డర్లు, హాల్లో బల్లమీద కుట్టుపని గుడ్డ కప్పుకుని దర్జాగా కూర్చునేవి. పాటలకే కాదు, ఉత్తరాలకీ అవే. ఖాళీ క్యాసెట్‌లో కబుర్లు రికార్డు చేసి, వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. తర్వాత ఐపాడ్ వచ్చింది, 2001 అక్టోబరులో. మన పల్లెల్లో అది పెద్దగా కనిపించలేదు. దాని బదులు మెమరీ కార్డు వచ్చింది. బస్టాండు పక్క కొట్లో కార్డు ఇచ్చి, టీ తాగి వచ్చేలోపు ఘంటసాల నుంచి కొత్త సినిమా దాకా అందులో కుక్కి ఇచ్చేవారు. ఫోను అన్నిటినీ మింగేసింది. 2022 మేలో ఆపిల్ వాళ్లు ఐపాడ్ తయారీకి స్వస్తి చెప్పారు.

అయినా విడి పెట్టె చచ్చిపోలేదు. సోనీ ఇప్పటికీ వాక్‌మన్ పేరుతోనే కొత్తరకం ప్లేయర్లు చేస్తోంది. కొరియా నుంచి ఆస్టెల్ అండ్ కెర్న్, చైనా నుంచి ఫియో, హైబీ, షాన్లింగ్ అని బోలెడున్నాయి. కొన్ని వేల దగ్గర మొదలై లక్షలు దాటిపోతాయి. చూడ్డానికి లావుపాటి చిన్న ఫోన్లలా ఉంటాయి, ఫోను చెయ్యడం మాత్రం రాదు. వీటివల్ల పాట బాగుపడుతుందా లేదా, బాగుపడితే ఎంత అన్నదే ఇవాళ్టి మాట.

ముందు పాట నడిచే దారి చూద్దాం. లోపల ఫైలు ఉంటుంది, అంటే అంకెల వరస. ఆ అంకెల్ని కరెంటు అలలుగా మార్చే చిప్ ఒకటుంటుంది, డాక్ అంటారు. ఆ అలలకి బలమిచ్చే ఆంప్లిఫయరు. ఆపైన తీగ, తీగ చివర ఇయర్‌ఫోను, ఆఖరికి మన చెవి. మన రైతుకి ఇది కొత్త లెక్కేం కాదు. ధవళేశ్వరంలో వదిలిన నీరు శివారు చేనుకి అందకపోతే ఆనకట్ట గేట్లు మార్చాలని ఎవరూ అనరు. మధ్యలో గుర్రపుడెక్క ఎక్కడ పట్టింది, పంటబోదె ఎక్కడ పూడింది అని చూసుకుంటూ వస్తారు. పాట దగ్గరకొచ్చేసరికి మాత్రం మనం సరాసరి గేట్లు మార్చేస్తామంటాం.

ఇందులో గేటు అంటే ఆ డాక్ చిప్. విడి ప్లేయర్ల ప్రకటనలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. చెవి వినగల ధ్వనులు సెకనుకి 20 కంపనాల నుంచి 20,000 దాకా. ఒక అలను పట్టాలంటే దాని కంపనాలకి రెట్టింపుకన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలునని నైక్విస్ట్, షానన్ లాంటి శాస్త్రజ్ఞులు గణితంతో తేల్చారు. అందుకే 1982లో వచ్చిన సీడీలో సెకనుకి 44,100 కొలతలు. ఒక్కో కొలతకి 16 బిట్లు. దానివల్ల అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 96 డెసిబెల్స్ ఎడం దొరుకుతుంది. రాత్రి కొబ్బరితోటలో ఆకు కదిలిన చప్పుడు నుంచి, తీర్థంలో డప్పుల పక్కన నిలబడ్డప్పటి మోత దాకా అందులో పడుతుంది. ఇవాళ ఓ మాదిరి ఫోన్లోని చిప్ కూడా ఈ పని తప్పులేకుండా చేస్తుంది. 2012లోనే వివో కంపెనీ పాటలకోసమని మంచి చిప్ పెట్టి ఓ ఫోను తెచ్చింది. 2016లో ఎల్‌జీ ఏకంగా నాలుగు డాక్‌లు పెట్టింది. ఆ ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారమే మూసుకుంది. జనం చిప్ ఒక్కటే చూసి ఫోను కొనరన్నమాట.

మరి 24 బిట్లు, 96,000, 192,000 అని అంకెలు గుప్పించే ఫైళ్లు? హై రిజల్యూషన్ అని పిలుస్తారు వీటిని. దీనిమీద వాదన ఇవాళ్టిది కాదు. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఓ పరీక్ష చేశారు. ఆ పెద్ద ఫైళ్లను ఓసారి యథాతథంగా, ఓసారి మధ్యలో సీడీ స్థాయికి కుదించి వినిపించారు. ఏది ఏదో వినేవారికి చెప్పలేదు. 554 సార్లు అడిగితే సరిగ్గా చెప్పింది 49.8 శాతం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్, అప్పటిదాకా జరిగిన పద్దెనిమిది అధ్యయనాల్ని కలిపి లెక్క కట్టి, తేడాని సరిగ్గా పట్టింది 52.3 శాతం సార్లు అన్నాడు. చెవికి తర్ఫీదు ఇస్తే అది బాగా పెరుగుతుందనీ చెప్పాడు. అంటే తేడా బొత్తిగా లేదనలేం. అయితే ఆ రెండు శాతం కోసం పర్సు విప్పాలా అన్నది ఎవరి పర్సు వాళ్లిష్టం. నన్నడిగితే, అరవై దాటినవారు ఈ లెక్క చూడనే అక్కర్లేదు. వయసుతోపాటు 12,000 కంపనాల పైన చెవి మూసుకుపోతుంది. చెవే పట్టనిదానికి ఫైలెందుకు?

పోనో కథ చెప్పాలి ఇక్కడ. కెనడాలో పుట్టిన గాయకుడు నీల్ యంగ్, ఫోన్లు సంగీతాన్ని పాడుచేస్తున్నాయని బాధపడి, 2014లో పోనో అనే ప్లేయరు చేస్తానని చందాలు అడిగాడు. 60 లక్షల డాలర్లకి పైగా పోగైంది. మూడు పలకల పెట్టె, 399 డాలర్లు. వచ్చీ రాగానే 2015లో డేవిడ్ పోగ్ అనే పాత్రికేయుడు పోనోనీ ఐఫోన్‌నీ ఒక మీటకి తగిలించి, ఏది మోగుతోందో చెప్పకుండా కొందరికి వినిపించాడు. పోనో గెలవలేదు. రెండేళ్లు తిరిగేసరికి కంపెనీయే లేదు. నీల్ యంగ్ బాధ అబద్ధమని నేననను. పాట పాడవుతున్న మాట నిజమే. అది పాడవుతున్న చోటు వేరు.

ఆ చోటు చూడాలంటే మన శంకరగుప్తం వెళ్లాలి. రాజోలు తాలూకాలోని ఆ ఊళ్లోనే 1930 జులై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు, తల్లి సూర్యకాంతమ్మగారు వీణ. తర్వాత విజయవాడ, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికం, ఆకాశవాణి, భక్తిరంజని, ఇవన్నీ మీకు తెలిసినవే. మూడు స్థాయిల్లో అవలీలగా తిరిగే గొంతు అది. ఆయన కచేరీ ఏదైనా మీ ఫోన్లో వెతికి పట్టుకోండి. పాట మొదలయ్యేముందు తంబూరా ఒంటరిగా మోగుతుంది చూడండి, అక్కడ ఆగి వినండి.

తంబూరాని మించిన పరీక్ష నాకు తెలియదు. తీగ వంతెన మీద ఆనేచోట సన్నటి నూలుపోగు ఒకటి పెడతారు, జీవ అంటారు. ఆ పోగు సరైనచోట కూర్చుంటే, ఒక్క మీటుకి ఒక స్వరం కాదు, దానిమీద మెట్లు మెట్లుగా అనుస్వరాలు డజన్లకొద్దీ లేస్తాయి. లేచినవి ఒక్కొక్కటే మెరిసి తగ్గుతాయి. గాంధారం ఎవరూ మీటకుండానే అందులోంచి పలుకుతుంది. ఎంపీ3 అన్నది ఈ సన్నటి మెరుపుల మీదే కత్తెర వేస్తుంది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ఈ పద్ధతిని తయారుచేసింది. పెద్ద ధ్వని పక్కనున్న చిన్న ధ్వని చెవికి ఆనదు కనుక దాన్ని వదిలేయొచ్చునన్నది కిటుకు. గొప్ప కిటుకే, కాదనను. సీడీ పాట సెకనుకి 1,411 కిలోబిట్లు తింటే, ఎంపీ3కి 128 ఇచ్చినా చాలావరకు గడిచిపోతుంది. పదకొండో వంతు! 320 ఇస్తే తేడా పట్టడం తర్ఫీదున్న చెవికీ కష్టమే. కానీ మన సెల్ షాపుల్లో కార్డులో ఎక్కువ పాటలు పట్టాలని 64కి నొక్కేశారు. ఒకరు నొక్కిందాన్ని ఇంకొకరు మళ్లీ నొక్కారు. ఆ ఫైల్లో తంబూరా వినండి. నీళ్లలో ముంచి మీటినట్టు గుడగుడమంటుంది. మృదంగం మీద చాపు పడేముందే సన్నగా ఓ సుయ్యిమన్న చప్పుడు వస్తుంది, దెబ్బకన్నా ముందు దాని దెయ్యం వచ్చినట్టు. ఈ ఫైలుని లక్ష రూపాయల ప్లేయర్లో వేస్తే ఆ గుడగుడ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే లాభం.

మంద్ర స్థాయి సంగతి ఇంకో ముచ్చట. ఒకటి శ్రుతిలో పాడితే ఆధార షడ్జం సెకనుకి 130 కంపనాల దగ్గర, అంటే 130 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కింద మంద్ర పంచమం 98. ఫోను అడుగున ఉండే గింజంత స్పీకరు అంత లోతైన స్వరాన్ని పలకలేదు, దాని కండ చాలదు. అయినా మనకి పంచమం వినిపించినట్టే ఉంటుంది. పైన వచ్చే అనుస్వరాల్ని బట్టి అడుగుది ఏదై ఉంటుందో మెదడు లెక్కకట్టి పూరించుకుంటుంది. అందుకే ఫోను స్పీకర్లో పాట గుర్తుపడతాం, రాగమూ పోల్చుకుంటాం. గొంతులోని బరువు మాత్రం రాదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ అలా వింటే, మీటు వినిపించి, మీటు తర్వాత తీగని లాగినప్పటి గమకం సగం దాకా వచ్చి మాయమవుతుంది. ఆ మాయమైన సగమే ఈమని బాణీ.

ఇప్పుడు బ్లూటూత్ దగ్గరకొద్దాం. చెవిలో తెల్లటి గుళికలు పెట్టుకుని తిరిగేవారు ఈ మాట జాగ్రత్తగా వినాలి. బ్లూటూత్‌లో వింటున్నంతసేపూ ఫోన్లోని డాక్ చిప్ పని చెయ్యదు. ఫోను పాటని మళ్లీ కుదించి గాల్లోకి వదులుతుంది. అంకెల్ని అలలుగా మార్చే చిప్పూ, ఆంప్లిఫయరూ రెండూ ఆ గుళికల్లోనే ఉంటాయి. మామూలు పద్ధతిలో వెళ్లేది సెకనుకి 328 కిలోబిట్లకి లోపే. సోనీవారి ఎల్‌డాక్ పద్ధతి అన్నీ కుదిరితే 990 దాకా వెళ్తుంది. యాభై వేల ప్లేయరు కొని బ్లూటూత్‌లో వినేవారిని చూశాను నేను. ఆ పెట్టెలోని ఖరీదైన చిప్‌లు హాయిగా నిద్రపోతుంటాయి.

తీగతో విందామంటే చాలా కొత్త ఫోన్లకి గుండ్రటి జాక్ లేదు. 2016లో ఐఫోన్ 7 దాన్ని తీసేశాక ఆ పుణ్యం మెల్లగా చాలామందికి అంటుకుంది. ఛార్జింగ్ రంధ్రంలో పెట్టుకునే చిన్న తోక కొనుక్కోవాలి. కొనేటప్పుడు చూసుకోండి. బజార్లో వందకి దొరికే కొన్నిటిలో చిప్ ఉండదు, చాలా ఫోన్ల దగ్గర అవి మూగనోము పడతాయి. లోపల డాక్ ఉన్న తోకలు వెయ్యీ రెండు వేల మధ్య దొరుకుతాయి, అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. గోరంత వస్తువు, కొలిచి చూస్తే దాని లోపాలు చెవి పట్టగలిగే హద్దుకి చాలా కింద ఉంటాయి. మన సముద్రపు గాలికి ఒక జాగ్రత్త కావాలి. ఓడలరేవు, అంతర్వేది వైపు ఇళ్లలో పిన్నుకి పచ్చగా చిలుము పడుతుంది. ఒక చెవిలో పాట వచ్చి, రెండో చెవిలో గరగర. ఆ గరగర విని ఫోను పాడైందని కొత్తది కొన్నవాళ్లున్నారు. మెత్తటి గుడ్డతో పిన్ను తుడిస్తే పోయేదానికి!

విడి ప్లేయరు నిజంగా గెలిచే చోటు ఆంప్లిఫయరు. హెడ్‌ఫోన్లకి నిరోధం అని ఒకటుంటుంది, ఓమ్‌లలో చెబుతారు. మామూలు ఇయర్‌ఫోన్లు 16, 32 ఓమ్‌లు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి స్టూడియో హెడ్‌ఫోన్లు 300. ఫోను తోక ఒక వోల్టు ఇస్తుందనుకోండి, 32 ఓమ్‌ల దానికి 31 మిల్లీవాట్లు అందుతాయి. 300 ఓమ్‌ల దానికి మూడే. దాంతో పాట వినిపిస్తుంది కానీ మెత్తబడుతుంది. తనియావర్తనంలో మృదంగం విజృంభించేచోట జాగా మిగలదు. మంచి ప్లేయరు అక్కడ మూడు నాలుగు వోల్టులు ఇచ్చి నిలబడుతుంది. అలాంటి హెడ్‌ఫోను మీ ఇంట్లో ఉంటే ప్లేయరు కొనుక్కోండి, నేను వద్దనను. లేనివారికి ఆ బలం బండికి కట్టని ఎడ్లజత, మేపుకోవడమే.

ఇంకో చిన్న విషయం. ఆండ్రాయిడ్ ఫోను మామూలుగా అన్ని ధ్వనుల్నీ, పాట, మెసేజ్ గంట, ఆట చప్పుడు, ఒకే తొట్టిలో కలిపి 48,000 కొలతలకి మార్చి బయటికి పంపుతుంది. అంకె మార్చకుండా పంపే సదుపాయం 2023లో ఆండ్రాయిడ్ 14తో వచ్చింది. చెవికి తెలిసేంత తేడా కాదు, తెలుసుకుంటే మంచిది.

సరే, నా మాటే నమ్మాలని లేదు. మీరే పోల్చి చూసుకోవచ్చు. ఎక్కడ మోసపోతామో మాత్రం చెబుతాను. రెండు ధ్వనుల్లో కాస్త ఎక్కువ గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. ఎక్కువని తెలియనంత ఎక్కువైనా సరే. కొట్లో ప్లేయరు పెట్టి వినిపించినప్పుడు "ఆహా" అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి ముందు రెండింటి ధ్వనినీ సమానం చెయ్యాలి. చెవితో కుదరదు. మా వైపు పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. ప్లేయరూ ఫోనూ పట్టుకెళితే, "ఏంటండీ, రెండూ బాగానే మోగుతున్నాయి కదా, ఏం బాగుచెయ్యాలి?" అన్నారు. పోల్చాలి అన్నాను. "ఆయ్, అయితే పాట పెట్టకండి, మీటరు పెడదాం" అని, వంద హెర్ట్జ్ శ్రుతి ఒకటే నిలకడగా మోగే ఫైలు వేయించి, హెడ్‌ఫోను తగిలి ఉండగానే పిన్ను దగ్గర మల్టీమీటరు ముళ్లు ఆనించి, రెండు పెట్టెల్లోనూ ఏసీ వోల్టులు ఒకటే వచ్చేదాకా సౌండు తిప్పించారు. వందే ఎందుకన్నాను. "మనం వాడే మీటర్లు ఇంటి కరెంటు కొలవడానికి చేసినవండీ, యాభై దగ్గర నిజం చెబుతాయి. పైకెళ్లేకొద్దీ కోతలు కోస్తాయి" అన్నారు. ఆ తర్వాత నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, తీగ ఇటూ అటూ మారుస్తూ, ఏదో చెప్పమన్నారు. మామూలు ఇయర్‌ఫోన్లతో నేను చెప్పినవి ఊహలే. అదే ఫైలు పెట్టి, ఇయర్‌ఫోన్లు మార్చినప్పుడు మాత్రం వీధిలో వెళ్లే మనిషి కూడా చెప్పేస్తాడు. అంత తేడా. పైసలు పెట్టవలసిన చోటు చెవి దగ్గరేనని నేను ఘంటాపథంగా చెప్పడానికి ధైర్యం అక్కడిదే.

వినేచోటు కూడా లెక్కలోకి వస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళుతూ వినేవారున్నారు. ఇంజను మోత, బళ్ల హారన్లు, వశిష్ఠ మీద గాలి. ఆ హోరులో పాటలోని మెల్లని భాగాలన్నీ మునిగిపోతాయి. అవి వినపడాలని సౌండు పెంచుతాం, పెంచిన సౌండు చెవిని కొడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగమవుతాయి. 90 దాటిందంటే వారానికి నాలుగు గంటలే. చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే రబ్బరు మొన ఉన్న ఇయర్‌ఫోను పెట్టుకుంటే బయటి హోరు తగ్గి, సగం సౌండుకే పాట తేటగా వినిపిస్తుంది. ఆ రబ్బరు మొనలు పెట్టెలో మూడు సైజులు ఇస్తారు. మనం మధ్యది ఉంచేసి మిగతావి పారేస్తాం. సైజు కుదరకపోతే మంద్రం మొత్తం సందులోంచి జారిపోతుంది. పాతిక వేలు ఆదా చేసే చిట్కా ఇదొక్కటే నాకు తెలుసు.

పాత పాటల ప్రియులకి ఓ మాట. 1950లలో, 60లలో మన సినిమా పాటలు ఒకే చానల్లో రికార్డయ్యాయి. సినిమా రీలు మీది శబ్దపు గీత 8,000 హెర్ట్జ్ దగ్గరే చాలావరకు ఆగిపోయేది. దేవదాసునో మాయాబజారునో 192 అంకెతో అమ్ముతున్నారంటే, పెద్ద గంగాళంలో సోలెడు పాలు పోసి ఇచ్చినట్టు లెక్కేసుకోండి. అలాగని ఆ పాటలో తక్కువేమీ లేదు. అంతెందుకు, నా మాటలు మీరిప్పుడు మీడియం వేవ్‌లో వింటున్నారంటే, ఒక్కో స్టేషనుకి ఇచ్చే జాగా 9 కిలోహెర్ట్జ్ కనుక, మీదాకా చేరేది దాదాపు 4,500 హెర్ట్జ్ వరకే. నేను "స" అన్నా "ఫ" అన్నా మీకు ఇంచుమించు ఒకలాగే వినిపిస్తుంది. పక్క మాటల్ని బట్టి మీరు సరిచేసుకుంటారు. ఎఫ్ఎమ్‌లో వినేవారికి 15,000 దాకా అందుతుంది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద భక్తిరంజని విని పెరిగిన తరం ఆ ఇరుకు సందులోంచే బాలమురళిని ప్రేమించింది.

మరి విడి పెట్టె వద్దేవద్దా అంటే, ధ్వని ఒక్కటే చూసి కొనేది కాదది. 2017లో సారెగామా వాళ్లు కారవాన్ తెచ్చారు, పాత రేడియో ఆకారంలో, లోపల వేల పాటలు నింపి. తెలుగు పాటలదీ వచ్చింది. దాని ధ్వని సుమారు, ఓ మంచి ఫోనుకి ఓ మంచి స్పీకరు తగిలిస్తే దాన్ని ఓడిస్తుంది. అయినా మా చుట్టుపక్కల పెద్దవాళ్ల మంచాల పక్కన అది కనిపిస్తుంది. ఎందుకంటే లావు బొడిపె తిప్పితే ఘంటసాల వస్తాడు, పాస్‌వర్డు అడగదు, పాట మధ్యలో బ్యాంకు వాడు ఫోను చెయ్యడు. కాట్రేనికోన, అల్లవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు చూడండి, ఏరియేటర్లు గలగలా తిరుగుతుంటే మెడలో ఓ చైనా ఎఫ్ఎమ్ డబ్బా వేలాడుతుంటుంది, మెమరీ కార్డుతో. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోయాయని యజమానికి చెప్పాలి, ఆ కబురుకి ఫోన్లో ఛార్జింగ్ మిగలాలి. వాళ్లకి పాటల పెట్టె విడిగా ఉండడం షోకు కాదు. ఉద్యోగం.

పెట్టే సర్వస్వమైన సందర్భం కూడా ఒకటుంది, దానికి తొందర అవసరం కనుక చివరికి ఉంచాను. మీ అటక మీద క్యాసెట్లున్నాయి కదా. సినిమా పాటలవి పోతే పోనివ్వండి, ఎక్కడైనా దొరుకుతాయి. కువైట్ నుంచి వచ్చిన కబుర్ల క్యాసెట్లు, ఊళ్లో దసరాకి చెప్పించిన హరికథ, పెళ్లిలో సన్నాయి మేళం, పోయిన నాన్నగారి గొంతు, ఇవి ఇంకెక్కడా లేవు. మన తేమకి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. వీటిని ఫోన్లోకి ఎక్కించాలంటే మంచి క్యాసెట్ డెక్కు ఉండాలి. ఇక్కడ మాత్రం యంత్రం బాగోకపోతే వెనకాల ఎంత ఖరీదైనది పెట్టినా దండగే. మూలపడ్డ డెక్కులో రబ్బరు బెల్టు జిగురుగా కరిగిపోయి ఉంటుంది, ముందు దాన్ని మార్పించండి. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో గోధుమరంగు పోయేదాకా తుడవాలి. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. టేపు నడుస్తుండగా దాన్ని పావు చుట్టు అటూ ఇటూ తిప్పితే, మసకగా ఉన్న గొంతు ఒకచోట ఠక్కున తేటపడుతుంది. అక్కడ ఆపండి. ఒక్కో క్యాసెట్‌కి ఆ చోటు వేరుగా ఉండొచ్చు, ఎందుకంటే రికార్డు చేసిన మిషన్ వేరు. ముందుగా టేపుని ఓసారి ఆ చివరిదాకా, ఈ చివరిదాకా చుట్టి వదులు చెయ్యండి. కుదించకుండా వేవ్ ఫైలుగానే దాచండి, ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. రికార్డు చేసేటప్పుడు 24 బిట్లు పెట్టుకుంటే సౌండు కాస్త తక్కువ పట్టినా నష్టం ఉండదు, పెద్ద అంకె పనికొచ్చేది ఇలాంటి చోటే. వానాకాలంలో మొదలుపెట్టకండి. బూజు రేగి ఒక క్యాసెట్‌ది ఇంకోదానికి హెడ్డు మీదుగా అంటుకుంటుంది. సంక్రాంతి వెళ్లాక, గాలి పొడిబారిన మాఘమాసంలో ఓ ఆదివారం అటక దించండి. బూజు పట్టినవి విడిగా పెట్టి, బాగున్నవాటితో మొదలెట్టండి.